చిక్కుడు పందిరికి తగిలించిన డబ్బా

నా పేరు కూర్మనాథం. మా వీధిలో ఎవరూ ఆ పేరుతో పిలవరు. లీడరు అంటారు. ముప్ఫై ఏళ్లు రైస్ మిల్లులో కళాసీగా బస్తాలు మోశాను. శ్రీకాకుళం టౌనులో అద్దెకున్నవాళ్ల కోసం సంఘం పెట్టింది నేనే. రిక్షాకి మైకు కట్టించి, ఇంటి ఓనర్ల జులుం నశించాలని వీధి వీధీ తిరిగి అరిచింది నేనే. అద్దెకిస్తే కాగితం రాయండి, ఏది ఎవరిదో ముందే తేల్చండి అని ఓనర్ల గుమ్మాల్లో కూర్చున్నది కూడా నేనే.

ఇప్పుడు నేను ఓనర్ని. ముందు వాటాలో మేము, వెనక వాటా అద్దెకి. వెనక వాటాని ఆనుకుని పెరడు. కాగితం రాయలేదు. పెరడు సంగతేమిటని కుర్రాడు అడిగితే "వాడుకోండి" అన్నాను. అంతే. ఓనర్లా మాట్లాడాలంటే నాకు నోరు రాలేదు.

ఆ కుర్రాడు వినోద్. ఆటో నడుపుతాడు. పెళ్లాం యమున. పొందూరు అవతల పల్లె వాళ్లది. ఇద్దరూ రైతు బిడ్డలే. మట్టి కనబడితే వాళ్ల చేతులు ఊరుకోవు. వచ్చిన రెండు నెలలకి పెరట్లో నా భార్య గున్నమ్మ పెంచిన నందివర్ధనం లేదు, కనకాంబరాలు లేవు, మల్లె పొద లేదు. వంగ, టమాటా, బెండ. గోడ వార వెదురు కర్రలతో చిక్కుడు పందిరి. పొద్దున్నే యమున గంపలో కూరలు పెట్టుకుని వీధి చివర అమ్మేది.

గున్నమ్మ నోరు నా మైకు కంటే పెద్దది.

"నా నందివర్ధనం పీకేసినారు. ఒక్క మాట అడిగినారా?"

"పూలు తింటామేటే? కూరలు ఏసుకున్నారు. పోనీ."

"కూరలేసుకోవద్దని నానేటి అన్నానా? అడిగి ఏసుకోమని ఎల్లి సెప్పు. ఊరందరి కోసరం అరిసినావు. ఇంట్లోకొచ్చేసరికి నీ నోటికేటైపోనాది?"

ఒకరోజు వెళ్లాను. వినోద్ వంగ మొక్కలకి నీళ్లు పెడుతున్నాడు. నన్ను చూడగానే భుజం మీద తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "సెప్పండి లీడరు బాబూ" అన్నాడు. ఆ తువ్వాలు తీయడం నాకు కొత్త కాదు. మిల్లు ఓనరు ముందు నేను అలాగే తీసేవాణ్ణి. అలా తీసినందుకు నా మీద నాకే అసహ్యం వేసి కళాసీల సంఘంలో చేరాను.

"వంకాయలు బాగా దిగినాయే" అన్నాను. వెనక్కి వచ్చేశాను.

గున్నమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడింది. మాట్లాడకపోయినా బాగుణ్ణు.

ఇలా ఎనిమిది నెలలు. వాళ్లు అడగరు, నేను చెప్పను. నేనేమో అది నా మంచితనం అనుకున్నాను. కాదు. అది పిరికితనం. అది ఎంత ఖరీదైన పిరికితనమో రథసప్తమి నాడు తెలిసింది.

రథసప్తమి అంటే మా ఊళ్లో మామూలు పండగ కాదు. అరసవల్లి సూర్యుడి గుడి పక్కనే ఉంది. ముందు రోజు నుంచే రోడ్లు జనంతో నిండిపోతాయి. మా అబ్బాయి త్రినాథ్, కోడలు కుమారి తెల్లారకముందే లైన్లో నిలబడడానికి వెళ్లారు. ఆ తొక్కిడిలోకి పిల్లని ఎందుకని మనవరాలు చరితని మా దగ్గర వదిలారు. ఐదేళ్ల పిల్ల. పదిహేను కిలోలు కూడా ఉండదు.

ఇంట్లో పూజ గున్నమ్మది. పిడకల పొయ్యి మీద పాలు పొంగించి, బియ్యం బెల్లం వేసి పరమాన్నం వండి, చిక్కుడాకుల మీద పెట్టి సూర్యుడికి చూపించాలి. తర్వాత ఆ ఆకుల్లోనే అందరికీ ప్రసాదం. చిక్కుడాకు లేకపోతే ఆవిడకి రథసప్తమి లేదు. నాకు దేవుడితో పని లేదు. పరమాన్నంతో ఉంది. స్టీలు గ్లాసులో పోయించుకుంటాను. నా నాస్తికం అంతవరకే.

ఆ పొద్దున నేను టీ తాగుతూ వంటింటి కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. గున్నమ్మ తడి జుట్టుతో పెరట్లోంచి ధుమధుమలాడుతూ వచ్చింది. ఒక చేతిలో కోసిన చిక్కుడాకులు, ఇంకో చేతిలో చిన్న ప్లాస్టిక్ డబ్బా. డబ్బా మెడకి పురికొస కట్టి ఉంది.

"సూడు. పందిరి కర్రకి ఇది తగిలించినారు. దిష్టి డబ్బా! ఎవుల దిష్టి? నా దిష్టే కదా! నా పెరట్లో నాకే దిష్టి కడతారా?"

ఆ డబ్బా చూశాక నాకు ఏదో గుర్తుకు రాబోయింది. ఎప్పటిదో, చిన్నప్పటిది. రాలేదు. నిజం చెప్పాలంటే రానివ్వలేదు. గుర్తొస్తే మాట్లాడాలి. మాట్లాడితే వెనక వాటా తలుపు కొట్టాలి. పండగ పూట గొడవెందుకని టీ గ్లాసులోకి చూశాను.

అప్పుడే మునిసిపాలిటీ చెత్త బండి విజిల్ వేసింది. గున్నమ్మ విసవిసా వెళ్లి డబ్బా బండిలోకి విసిరేసింది.

ఎండ పడ్డాక పరమాన్నం పెట్టింది. చరిత పీట మీద కూర్చుని ఆకు మీద వేడి వేడిది ఊదుకుంటూ తింది. ఇంకొకటి పెట్టించుకుంది. ఆకు రెండు వైపులా నాకింది. "తాతా, నీ గ్లాసు కన్నా నా ఆకే బాగుంది" అంది. నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

గున్నమ్మ తను తినలేదు. అందరికీ పంచాకే ఆవిడ తింటుంది. ఎంత కోపమున్నా పండగ ప్రసాదం దగ్గర తేడా చూపదు. పిల్లకి పెట్టాక మొదటి ఆకు వెనక వాటాకే పట్టుకెళ్లింది. నేను గ్లాసు పట్టుకుని వెనకే గుమ్మంలో నిలబడ్డాను.

యమున రెండు చేతులా ఆకు అందుకుని కళ్లకి అద్దుకోబోయింది. ఆగిపోయింది. ఆకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"అత్తా, ఈ ఆకులెక్కడివి?"

"ఎక్కడివేటే? నా పెరట్లోవి. కొయ్యాలంటే నీ పర్మిషను కావాలేటి?"

ఆకు యమున చేతిలోంచి జారిపోయింది. పరమాన్నం గడప మీద పడింది.

"ఓలమ్మా! నిన్న సాయంత్రం మందు కొట్టినాడు అత్తా! చిక్కుడికి పేను పట్టిందని కొట్టినాడు! కర్రకి డబ్బా తగిలించినాడు కదా, సూణ్ణేదా?"

అప్పుడు గుర్తొచ్చింది. రానివ్వకుండా ఆపింది మొత్తం ఒక్కసారే వచ్చింది. మా అయ్య పాలికాపు, ఊళ్లో రైతు దగ్గర జీతగాడు. మందు కొట్టిన చేనుకి గట్టు మీద కర్ర పాతి ఖాళీ డబ్బా తగిలించేవాడు. ఆ డబ్బా వేలాడుతుంటే ఆ చేలోకి గొడ్డుని తోలరు. ఆకు తుంపరు. చదువు రాని వాళ్లందరికీ తెలిసిన బోర్డు అది. ఏడేళ్ల వయసులో నాకు తెలుసు. ఇప్పుడు అరవై రెండేళ్లొచ్చాక కిటికీలోంచి చూసి టీ తాగాను.

"ఇంకెవులికైనా పెట్టినావా?" అని అరిచాను.

"నేదు. పిల్లకే. పిల్లకే పెట్టినాను" అంది గున్నమ్మ. ఆవిడ గొంతు ఆవిడది కాదు.

లోపలికి పరుగెత్తాం. చరిత పీట మీదే ఉంది. పొట్ట పట్టుకుని ముందుకు వంగి ఉంది. "నానమ్మా, కడుపులో పిండేస్తన్నాది" అంది. అంటూనే కక్కింది. కక్కుకున్నాక కూడా నోట్లోంచి చొంగ ఆగలేదు. తీగలా కారుతోంది. జనవరి చలిలో నుదురంతా చెమట.

వీధిలో ఆటో లేదు. ఆటోలన్నీ అరసవల్లి రోడ్డు మీదే. పిల్లని ఎత్తుకుని పరుగు మొదలుపెట్టాను. ఆసుపత్రి రెండు వీధుల అవతల. డెబ్బై ఐదు కిలోల బస్తాని వీపు మీద వేసుకుని నిచ్చెన ఎక్కినవాణ్ణి. ఆ పదిహేను కిలోలు నన్ను మోకాళ్ల మీద పడేశాయి. మెడ మీద దాని చొంగ పడుతోంది. అది పడుతున్నంతసేపూ పిల్ల ఉన్నట్టే అనుకున్నాను. చెప్పులెక్కడ పోయాయో తెలీదు. వెనక గున్నమ్మ, యమున. ఎవరూ ఏడవడం లేదు. ఏడవడానికి ఊపిరి లేదు.

డాక్టరమ్మ చిన్న వయసావిడే. పిల్ల కనురెప్ప ఎత్తి టార్చి వేసింది. నేనూ చూశాను. కంటిపాప ఆవగింజంత అయిపోయింది. ఆ కంట్లో నేను కనబడతానా అనిపించింది.

నర్సులకి ఏదో చెప్పి సూది వేయించింది. ఒళ్లు కడిగించి, బట్టలు మార్పించింది. నా వైపు తిరిగింది.

"ఏ మందు?"

"చిక్కుడికి కొట్టేదమ్మా."

"అది నాకూ తెలుసు. పేరు? డబ్బా తెచ్చారా?"

తేలేదు.

"డబ్బా మీద ముక్కోణం ఉంటుంది కదా. ఏ రంగు? ఎరుపా, పసుపా, నీలమా?"

"ఎరుపైతే ఏటమ్మా?"

ఆవిడ పిల్ల నాడి పట్టుకుంది. "నా వైద్యం నేను చేస్తున్నాను. మందేదో తెలిస్తే ఎన్ని గంటలు కాపలా కాయాలో తెలుస్తుంది. డబ్బా తెండి" అంది.

గున్నమ్మ గోడకి జారబడి కూలబడిపోయింది. "నానే పారేసినాను. బండిలోకి ఇసిరేసినాను. ఈ సేత్తోనే." ఆ చేత్తోనే తల బాదుకుంటోంది.

నిన్న కొన్న మందు పేరు యమునకి తెలీదు. వినోదే తెచ్చాడు, వినోదే కలిపాడు. నేను ఫోన్ తీశాను. నాలుగుసార్లు మోగి ఆగిపోయింది. ఐదోసారి ఎత్తాడు. వెనక జనం హోరు, హారన్లు.

ముప్ఫై ఏళ్లుగా నాకు తెలిసిన విద్య ఒకటే. కేక.

"ఒరే! నా పెరట్లో ఏటి మందు కొట్టావురా? నా మనవరాలు సచ్చిపోతన్నాది! ఎవుణ్ణడిగి కొట్టావురా?"

నా పెరడు. ఎనిమిది నెలలు నా నోట రాని మాట అప్పుడొచ్చింది.

వాడు ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే స్విచాఫ్.

చాలామందిని భయపెట్టాను జీవితంలో. ఎస్సైలని, మిల్లు ఓనర్లని. వాళ్ల భయం చూసి గర్వపడ్డాను కూడా. ఇప్పుడు ఒక ఆటో కుర్రాణ్ణి భయపెట్టాను. ఆ భయంతో వాడు నా మనవరాలి మందు పేరు పట్టుకుని ఎటో పారిపోతున్నాడు.

గాజు తలుపులోంచి చూస్తే పిల్ల ఛాతీ కదులుతోంది. ఒకసారి కదిలాక మళ్లీ కదిలేదాకా నా ఊపిరి నేను పట్టుకుంటున్నాను. ఎంతసేపలా నిలబడ్డానో తెలీదు.

యమున నా చెయ్యి పట్టుకుంది. అప్పటిదాకా నాతో పట్టుమని పది మాటలు మాట్లాడని పిల్ల.

"మావా, మీరరిసినారు, ఆడు బెదిరిపోనాడు. మీరు లీడరు. టేసన్లో మిమ్మల్ని కుర్సీ ఏసి కూసోబెడతారని ఆడికి తెలుసు. మమ్మల్ని ఎవులు కూసోబెడతారు? భయం తగ్గితే ఫోన్ తీస్తాడు. నా నంబరైతే ఎత్తుతాడు. మీరు అరవకండి. మీకు దండం పెడతాను."

తన ఫోన్ నుంచి చేసింది. మొదట స్విచాఫే. రెండోసారీ అంతే. మూడోసారి మోగింది.

"ఏటే, పోలీసులొచ్చినారా? పిల్ల ఉందా?" వాడి ఏడుపు నాకూ వినబడింది.

యమున ఫోన్ నా చేతిలో పెట్టింది.

ఏం చెప్పాలి? బతిమాలడం నాకు చేతకాదు. ఎప్పుడూ చెయ్యలేదు. గున్నమ్మ కింద కూర్చుని నా మొహంలోకే చూస్తోంది. డాక్టరమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. అందరి ముందూ చెప్పాను.

"వినోదూ, నాను లీడర్ని కాదు, కూర్మనాథాన్ని. విను బాబూ. నువ్వు డబ్బా తగిలించావు. పద్ధతి ప్రకారమే తగిలించావు. మా మనిషికి తెలీక తీసి పారేసింది. ఆ డబ్బా ఏటో నాకు తెలుసు. తెలిసి నోరు మూసుకున్నాను. తప్పు నీది కాదు. కేసు ఉండదు, నా మాట. మందేదో సెప్పు. పిల్ల కోసం సెప్పు."

గున్నమ్మ తల బాదుకోవడం ఆపింది. నాకు తెలుసన్న మాట ఆవిడ అప్పుడే విన్నది.

అవతల ముక్కు చీదుకున్న చప్పుడు.

"పేరు నాకు రాదు బాబూ. ఇంగ్లీషులో ఉంటాది. రెండు కొన్నాను. రెండోది ఇంట్లో పెడితే పెమాదమని సీటు కింద పెట్టినాను. అట్టుకొస్తన్నాను. జనం ఒగ్గట్లేదు, అడ్డదారిలో వస్తన్నాను. ఉండండి."

ఇంట్లో ప్రమాదమని ఆటోలో పెట్టాడు. అంత జాగ్రత్త ఉన్నవాణ్ణి నేను ఒరే అన్నాను.

ఆ ఇరవై నిమిషాలు ఎలా గడిచాయో రాయడం నాకు చేతకాదు. ఎరుపు, పసుపు, నీలం. గోడ మీద క్యాలెండర్లో ఎరుపు. నర్సు చేతిలో కాగితం పసుపు. ఎటు చూసినా ఆ మూడే. ఎరుపు కాకూడదు అనుకుంటున్నాను. ఎవరితో అనుకుంటున్నానో నాకు తెలీదు. నేను నమ్మనివాడితోనే కావచ్చు.

ఆటో ఆసుపత్రి మెట్ల మీదికి ఎక్కినంత పని చేసింది. వెనక సీట్లో నలుగురు భక్తులు కొబ్బరికాయలు పట్టుకుని బిక్కచచ్చి కూర్చున్నారు. వాళ్లని దించడం కూడా మర్చిపోయాడు. "గుడికని ఎక్కితే ఆసుపత్రికి తెచ్చినావేటి నాయనా?" అని ఒక ముసలమ్మ అడుగుతోంది. వినోద్ వినలేదు. సీటు కింద చెయ్యి పెట్టి గుడ్డలో చుట్టిన డబ్బా తీసి లోపలికి పరుగెత్తాడు.

డాక్టరమ్మ డబ్బా తిప్పింది. ముక్కోణం నా వైపు తిరిగింది.

పసుపు.

"ఎరుపు కాదు. అలాగని చిన్నదీ కాదు. రేపటి దాకా ఇక్కడే ఉండాలి" అంది. పేరు చదివి నర్సుకి ఇంకేదో చెప్పింది. తర్వాత మా అందర్నీ చూసి, పిల్లలకి చెప్పినట్టు చెప్పింది. "నోట్లోంచి నీరు కారడం ఆగాలి. నోరు ఎండాలి. నోరెండిపోతోందని పిల్ల గోల పెడితే నన్ను పిలవండి. అదే మంచి కబురు."

నోరు ఎండడం కోసం కూర్చున్నాం. నేను, గున్నమ్మ, యమున, వినోద్. ఒకే బెంచీ. వినోద్ కూర్చోబోయి మళ్లీ భుజం మీద తువ్వాలు తీశాడు. నేను లాక్కుని వాడి భుజం మీదే వేశాను.

త్రినాథ్, కుమారి మధ్యాహ్నానికి వచ్చారు. గుళ్లోకి ఫోన్లు రానివ్వరు. బయటికొచ్చి చూసుకుంటే గున్నమ్మ ఫోన్లు పదహారు. కుమారి నేరుగా పిల్ల దగ్గరకి పోయింది. త్రినాథ్ చేతిలో ప్రసాదం కవరు అలాగే ఉంది.

"ఎవడు? మందు కొట్టింది ఎవడు?"

వినోద్ లేచి నిలబడ్డాడు. నా కొడుకు చెయ్యి లేచింది. లాఠీలకి ఎదురెళ్లిన రోజున కూడా నా గుండె అంత కొట్టుకోలేదు. కొడుకు చెయ్యి లాఠీ కంటే బరువు. మధ్యలోకి వెళ్లాను.

"నన్ను కొట్టరా. ఆడు డబ్బా తగిలించినాడు. మీ అమ్మ తీసేసినాది. నాను సూసి ఊరుకున్నాను. ముగ్గురిలో తెలిసుండి ఊరుకున్నది నానొక్కణ్ణే."

త్రినాథ్ చెయ్యి గాల్లోనే ఉంది. నన్నెప్పుడూ చూడని చూపు చూశాడు. చెయ్యి దించలేదు, వెయ్యలేదు. ఆ చెయ్యి ఏమయ్యేదో నాకు తెలీదు. ఎందుకంటే అప్పుడే లోపల్నుంచి వినబడింది, గొంతు గీరుకుపోయి, కోపంగా.

"అమ్మా, నోరెండిపోతన్నాది. నీళ్లివ్వరేటి? ఎవరూ నీళ్లివ్వరేటి నాకు?"

గున్నమ్మ ఏడ్చింది. అంతసేపూ ఏడవనిది అప్పుడు భోరుమంది. డాక్టరమ్మ పరుగున వచ్చి టార్చి వేసింది. తల ఊపింది.

పిల్ల మర్నాటి సాయంత్రం ఇంటికొచ్చింది. త్రినాథ్ నాతో ఇంకా సరిగ్గా మాట్లాడడం లేదు. మాట్లాడమని నేనూ అడగను.

పిల్ల వచ్చిన మర్నాడు పొద్దున పెరట్లోకి వెళ్లాను. వినోద్, యమున చిక్కుడు పందిరి ముందు నిలబడి ఉన్నారు. వాడి చేతిలో కొడవలి.

"పీకేద్దునా బాబూ?" అన్నాడు. ఎనిమిది నెలల్లో నన్ను మొదటిసారి అడిగాడు. నేనూ మొదటిసారి చెప్పాను.

"పందిరి ఉండనీ. ఈ పెరట్లో మందు మాత్రం కొట్టకూడదు. ఇంకెప్పుడూ. ఆ గోడ వార మా ఆవిడకి నందివర్ధనం మళ్లీ ఎయ్యాలి. ఏ మొక్క తియ్యాలన్నా ముందు మా తలుపు కొట్టండి. ఆకు కొయ్యాలంటే మేమూ మీ తలుపు కొడతాం."

"అలగే మావా" అంది యమున.

అంతే. అయిపోయింది. వెనక్కి తిరిగాను. ఆ నాలుగు ముక్కల్నే ఎనిమిది నెలలు నోట్లో పెట్టుకుని తిరిగాను.